మిషన్ ఊడ్చే అరగంట

ఎంబీఏ రెండో ఏడు. ఏదైనా ఒక వ్యాపారానికి వాల్యూ చెయిన్ గీసుకు రమ్మన్నారు. సరుకు కొనడం నుంచి అమ్మిన తర్వాత చేసే సేవ దాకా, ఏ పనిలో ఖర్చుంది, ఏ పనిలో బలముంది అని. ఊళ్లు తిరిగే ఓపిక నాకు లేదు. కల్లూరులో మా నాయన పరుపుల షాపు ఉండనే ఉంది.

మాకు కొత్త పరుపుల కంటే పాతవే ఎక్కువ వచ్చేవి. దూది తీసి, మిషన్‌లో ఏకి, మళ్లీ కుట్టివ్వాలి. ఒక ఇంటి దూది అయిపోగానే నాయన మిషన్ ఆపి, దాని పళ్ల సందుల్లో చిక్కిన పీచంతా ఊడ్చి వాళ్ల సంచిలోనే వేసేవాడు. దానికే అరగంట. ఆ అరగంట చుట్టూ ఎర్ర పెన్నుతో గీసి, పక్కన 'వృథా' అని రాశాను. అప్పట్లో నా తెలివి మీద నాకున్న నమ్మకం అంతా ఇంతా కాదు.

నాయన పత్తి కొనడానికి ఆదోని వెళ్లిన రోజు, ముగ్గురి దూదినీ కలిపి ఒకేసారి ఏకించి, తూకం వేసి పంచేశాను.

నాలుగు రోజులకు కోడుమూరు నుంచి ఒక అవ్వ తన పరుపును ఆటోలో వేసుకొచ్చింది. మూల కుట్టు విప్పి నాయనకు చూపించింది.

"నా దూదిలో ఈ నీలం పోగులు యాడివప్పా? ఇది మా ఆయన ఆకరుసారి పండించిన పత్తి. ఇంగ ఆయనా లేడు, చేనూ లేదు."

నాయన నా వైపు చూశాడు. నేను చేసింది చెప్పాను. ఫోమ్ పరుపులు ఇన్ని వచ్చినా జనం అంత దూరం నుంచి మా దగ్గరికే ఎందుకొస్తారో అప్పుడు అర్థమైంది. సిగ్గుతో చచ్చిపోయాను. కలిసిపోయిన దూదిని విడదీసే దారి లేదు.

"తప్పు నాదే పెద్దమ్మా," అన్నాడు నాయన. "ఎందుకు ఊడుస్తానో బిడ్డకు చెప్పల్యా."

అవ్వ చాలాసేపు దూదిలోంచి చెయ్యి తీయలేదు.

"నా దూదిలో మిగిలింది ఎవరిండ్లకు పోయింది పాపా?"

"ఒకటి హాస్టలుకు. ఇంగోటి ఈడే, పక్క వీధిలో బాలింతకు అవ్వా."

"చంటిబిడ్డ పండుకుంటాదా దానిమీద?"

"ఊ."

"మాకు బిడ్డల్లేరు. ఆయనకు పిల్లోళ్లంటే పానం," అంది. నా వైపు తిరిగి, "ఆ ఇల్లు చూపిస్తావా?" అనడిగింది.

తీసుకెళ్లాను. బిడ్డ నిద్రపోతోంది. అవ్వ బిడ్డను తాకలేదు. పక్కన కూర్చుని పరుపును అరచేత్తో నొక్కి చూసింది.

"మెత్తగానే ఉండాది," అంది.