గోరు చెప్పిన భోజనం

శ్రీనివాసరాజుగారికి ఒకటే జబ్బు. ఎవరేం తిన్నారో నోటితో చెబితే నమ్మరు. గోరు చెప్పాలి.

భీమవరం కాలేజీలో జువాలజీ లెక్చరరు. జేబులో ఎప్పుడూ నెయిల్ కట్టరు, చిన్న చిన్న కవర్లు. పెళ్లికెళితే అక్షింతలు వేసే లోపే పెళ్లికొడుకు గోరు కత్తిరించేవారు. క్షవరానికెళితే నేల మీద రాలిన జుట్టు ఏరుకునేవారు. వీధిలో ఆయన్ని 'చేతబడి రాజుగారు' అనేవారు. ఎదురింటి పాపాయమ్మగారైతే ఆయన కనబడగానే రెండు చేతులూ కొంగులో దాచేసేది.

బుట్టతో చేపలమ్మే లోవలక్ష్మి ఒక్కతే నిలబడి అడిగింది.

"అసలేంటండి రాజుగారూ ఈ గోళ్ల పిచ్చి?"

"తిన్నది ఒంట్లో గుర్తు వదులుతుందే. నైట్రోజన్లో బరువు రకం ఒకటుంది. నాచు తిన్న రొయ్యలో కొంచెం, రొయ్యని తిన్న చేపలో ఇంకొంచెం, చేపని తిన్న మనిషిలో ఇంకాస్త. మెట్లన్నమాట! రొయ్యల చెరువులొచ్చాక ఉప్పుటేటి పొడుగునా ఎవరు ఎవర్ని తింటున్నారో మారిపోయింది. అది చూస్తున్నా."

"మరి నాదెన్నో మెట్టండి?"

"చేపలమ్మేదానివి, పై మెట్టే. ఏదీ, చెయ్యి ఇటివ్వు. మీ ఇంట్లోవాళ్ల గోళ్లు కూడా తే."

కవర్లన్నీ హైదరాబాదులో ఏదో మెషీనుకి వెళ్లాయి. రెండు నెలలకి కాగితం వచ్చింది. రాజుగారు దాన్ని మూడుసార్లు తిప్పి చూశారు.

"మీ ఆయన పోతురాజు పై మెట్టు. పిల్లలు ముగ్గురూ పై మెట్టు. నువ్వెక్కడున్నావో తెలుసా? గుళ్లో పూజారిగారి పక్కన!"

"మెషీను తప్పయ్యుంటాదండి. రోజూ చేపల పులుసే కదండీ మేం తినేది!"

"పులుసు సరే. ముక్కేది?"

లోవలక్ష్మి బుట్ట సర్దుకుంది. మంచి చేపలు అమ్మకానికి పోతాయి. మిగిలిన ముక్కలు మొగుడికీ పిల్లలకీ వేస్తే తనకి పులుసే. ఆ సంగతి పక్కింటి రాణికి కూడా తెలీదు. పోయిన వారమే కళ్లు తిరిగి బుట్టతో సహా రోడ్డు మీద పడింది. ఇంకోసారి పడితే బుట్ట మోయడం మానెయ్యమన్నాడు డాక్టరు. మానేస్తే ఇల్లెలా గడుస్తుంది?

"అయితే ప్రయోగం చెయ్యాల్సిందే," అన్నారు రాజుగారు. "రోజూ నీ దగ్గర నాలుగు మట్టగిడసలు కొంటా. మా ఆవిడ వండుతుంది. నువ్వు తినాలి."

"ఊరికే పెడితే నేను తిననండి."

"ఊరికే ఎవరు పెడతారు? ఇది సైన్సు!"

"పోనీ ఇంటికి పట్టుకెళ్తానండి."

"పిల్లలకి పెట్టేస్తావు. గోరు చెప్పేస్తుంది!"

అలా మొదలైంది. వసారాలో కంచం, వారానికో గోరు, కవరు మీద తేదీ. "ముప్పై ఏళ్లుగా నేనేం తింటున్నానో చూడని మనిషి, ఊళ్లోవాళ్ల గోళ్లు చూస్తాడమ్మా," అంటూనే భార్య రత్నమాణిక్యంగారు ఇంకో ముక్క వడ్డించేది. లోవలక్ష్మికి కళ్లు తిరగడం తగ్గింది. బుట్ట మళ్లీ నిలకడగా నడిచింది.

ఒకరోజు కాలేజీ అటెండరు చిట్టియ్య చేపలు బేరమాడుతూ అన్నాడు, "ఆ గోళ్ల రీసెర్చి అయిపోయి ఏడు నెలలైంది కదే! మెషీనుకి ఏం పంపట్లేదు. నీ కవర్లా? సొరుగులో ఉన్నాయి. ఒక్కటీ విప్పలేదు."

దణ్ణం పెట్టాలో దెబ్బలాడాలో లోవలక్ష్మికి తేలలేదు. మర్నాడు మామూలుగానే వెళ్లి చెయ్యి చాపింది. రాజుగారు గంభీరంగా గోరు కత్తిరించారు.

"మెషీను ఏమంటందండి?"

"మెల్లగా మెట్లెక్కుతున్నావంటోంది."

"ఒట్టి ముక్కలైతే ఆలస్యమేనండి. తలకాయ పులుసు కూడా చేరిస్తే గబగబా ఎక్కేస్తానేమోనండి?"

రాజుగారు కళ్లజోడు పైకి తోసుకుని, బాగా ఆలోచించి, నోటుబుక్కు తీసి రాసుకున్నారు: 'బుధవారం నుంచి తలకాయ.'