నేల మీంచి ఎత్తుకున్నాక

నిన్న ఒక ఇంట్లో చెప్పులు విప్పి లోపల అడుగు పెట్టానో లేదో, గచ్చు నా అరికాళ్ళ కింద సన్నగా అదిరింది. కింది అంతస్తులో సాంచెలు నడుస్తున్నాయి. మరమగ్గాలను మా తెలంగాణ వాళ్ళం అలాగే అంటాం. సూరత్ వచ్చి ఎన్నేళ్ళయినా ఆ మాట మాత్రం మారలేదు. గచ్చు మీద బొంత పరిచి నెలల పసిదాన్ని పడుకోబెట్టారు. "పిల్లకు మంచిగనే వినబడ్తది మేడమ్. సాంచెలు షురువైతే చాలు, ఉలిక్కిపడి లేస్తది" అంది నాయనమ్మ ధీమాగా. నాకు సుగుణ మేడమ్ గుర్తొచ్చారు.

మేడమ్‌ది కరీంనగర్. సూరత్‌లోని వరాఛా పేటలో చిన్న క్లినిక్ పెట్టుకుని పసిపిల్లల చెవులు చూసేవారు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. గుజరాతీ వాళ్ళతో తియ్యగా మాట్లాడి, మాలాంటి వాళ్ళు కనబడగానే తెలుగులో తిట్లు అందుకునేవారు. నా కొడుకు వంశీకి జలుబు చేసి చెవి కారుతోందని తీసుకెళ్తే, వాడి వెనక గిలక్కాయ ఆడించారు. తిరగలేదు. గంట కొట్టారు. వాడు నా గాజులతో ఆడుకుంటూనే ఉన్నాడు.

"పిల్లగానికి సరిగ వినబడ్తలేదమ్మా."

నాకు ఒళ్ళు మండింది. మా అత్తమ్మకైతే ఇంకా. "ఏంది మేడమ్, గిట్లంటరు? సాంచెలు షురువైతే వీడు ఉలిక్కిపడ్తడు. బందైతే ఏడుస్తడు. వినబడకుంటెనే?"

మేడమ్ వాదించలేదు. "రేపు మీ ఇంటికొస్త" అన్నారు, అంతే.

నిజంగానే వచ్చారు. మేమప్పుడు సాంచెల మీది గదిలోనే ఉండేవాళ్ళం. మధ్యాహ్నం అన్నాల వేళ ఆగిన సాంచెలు మళ్ళీ మొదలవగానే, గచ్చు మీదున్న వంశీ ఉలిక్కిపడ్డాడు. "చూసిన్రా!" అంది అత్తమ్మ. మేడమ్ మా ఆయన్ని కిందికి పంపి, ఇంకోసారి ఆపి నడపమన్నారు. ఈలోగా పిల్లవాణ్ణి ఎత్తి భుజాన వేసుకున్నారు. సాంచెలు మళ్ళీ మొదలయ్యాయి. ఆ మోతకు నా గుండె అదిరింది గానీ, వాడు మేడమ్ మెళ్ళో గొలుసు నోట్లో పెట్టుకుని చప్పరిస్తున్నాడు. మేడమ్ మా అత్తమ్మ చెయ్యి పట్టుకుని అరచేతిని గచ్చుకు ఆనించారు. "ఇగో, పిల్లగానికి తెలుస్తున్నది గీ అదురు. సప్పుడు గాదు."

అత్తమ్మ చాలాసేపు చెయ్యి తీయలేదు. నేను ఏడుపు అందుకున్నాను.

"ఏడ్సుడు తర్వాత. ముందుగాల మాట్లాడు" అని గద్దించారు మేడమ్. "పిల్లలు ఏడాది దాక మాటలు రాకున్నా, వినుడు తల్లి కడుపుల ఉన్నప్పుడే మొదలువెడ్తరు. వీడు ఎనకవడ్డడు. మనం ఉరకాలె."

పూర్తి చెవుడు కాదని, చెవికి మిషన్ పెడితే మాటలు అందుతాయని చెప్పారు. సాంచెల మోతలో మిషన్ పెట్టినా దండగేనంటే, రెండు గల్లీల అవతలికి గది మారాం. "హిందీల మాట్లాడాల్నా మేడమ్? స్కూల్ల పనికొస్తది" అని మా ఆయన అడిగితే, "నువ్వు ఏ భాషల నవ్వుతవో, ఏ భాషల తిడ్తవో గా భాషల మాట్లాడు. హిందీ వానికి గల్లీల దొర్కుతది" అన్నారు.

మిషన్ పెట్టాక ఒకరోజు క్లినిక్‌లో నేను వంశీకి బొమ్మ చూపించి ఏదో చెబుతున్నాను. మేడమ్ నా ముందుకొచ్చి నిలబడ్డారు. "గొంతేది?"

నాకు అర్థం కాలేదు. సాంచెల పక్కన కండెలకు దారం చుట్టే ఆడవాళ్ళం ఆ మోతలో గొంతు చించుకోం. పెదాలు కదిపితే చాలు, అవతలి మనిషి పోల్చుకుంటుంది. ఆ అలవాటు నాతో ఇంటిదాకా వచ్చేసిందని నాకే తెలియదు. బిడ్డ ముందు పెదాలు ఆడిస్తున్నాను గానీ గొంతు తీయడం లేదు.

ఆ రోజు నుంచి వాగుడుకాయనయ్యాను. బియ్యం కడుగుతూ, బట్టలు పిండుతూ, చేసే ప్రతి పనీ వాడికి చెప్పేదాన్ని. పక్కింటి బెన్, అంటే గుజరాతీ అక్క, నన్ను చూసి నవ్వేది. నెలలు గడిచాయి, వాడి నోటి నుంచి ఒక్క మాటా లేదు. "గోడతోని మాట్లాడినట్టున్నది మేడమ్" అన్నాను, విసిగిపోయి.

"వాడు జమ చేసుకుంటుండు. నువ్వు ఆపకు."

ఒక ఉదయం స్టవ్ వైపు తిరిగి కూర కలుపుతూ, పక్క పొయ్యి మీద పాలు పొంగడం చూసి "అయ్యో, పాలు!" అన్నాను. వెనకాల ఆడుకుంటున్న వంశీ పరుగెత్తుకొచ్చి నా కొంగు పట్టుకుని, తలెత్తి పాలగిన్నె వైపు చూశాడు. నా ముఖం చూడలేదు, పెదాలు చూడలేదు. నా మాట విని వచ్చాడు! స్టవ్ ఆపి, పొంగిన పాలు తుడవకుండానే వాణ్ణి చంకనేసుకుని క్లినిక్‌కి పరుగెత్తాను. మేడమ్ పోలీసులా ప్రశ్నలేశారు. ముఖం అటే ఉందా, చెయ్యి చూపించావా, వాడు ఎంత దూరంలో ఉన్నాడు? అన్నీ విని, "మంచిది. ఇగ ఇంకా ఎక్కువ మాట్లాడాలె" అని పంపేశారు. తలుపు దగ్గర వెనక్కి తిరిగి చూస్తే ఆమె ఒక్కరే నవ్వుకుంటున్నారు.

ఇప్పుడు వంశీ నాతో మూడు భాషల్లో పోట్లాడతాడు. మేడమ్ లేరు. ఆమె క్లినిక్ తరఫున ఇళ్ళకు వెళ్ళి పసిపిల్లలను చూసే పని నేను చేస్తున్నాను. ఆమె మీద బెంగ పుట్టినప్పుడల్లా ఇంకో ఇంటికి వెళ్తాను.

నిన్నా అంతే. సాంచెలు ఆపించి, పసిదాన్ని నేల మీంచి ఎత్తి భుజాన వేసుకున్నాను. మళ్ళీ నడపమన్నాను. ఇల్లంతా మోగిపోయింది. పసిది నా పుస్తెలతాడుతో ఆడుకుంటూనే ఉంది. నాయనమ్మ చెయ్యి పట్టుకుని గచ్చుకు ఆనించాను. పిల్ల తల్లికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏదో అనబోయింది. పెదాలు కదిలాయి, గొంతు రాలేదు.

బిడ్డను ఆమె చేతుల్లో పెట్టాను.

"ఏడ్సుడు తర్వాత, చెల్లె. ముందుగాల మాట్లాడు. గొంతు తీసి మాట్లాడు."