దానమ్మ నిమ్మచెట్లు

మా బావ ప్రభుదాసు, ఒకే మాదిరి కనిపించే రెండింటిని ఒకటేనని ఒప్పుకునే మనిషి కాదు. నంద్యాలలో వ్యవసాయశాఖ ఉద్యోగం. ప్రాణమంతా పొలుసు పురుగుల మీద. చెట్టుకు చిన్న చిప్పల్లా అతుక్కుని రసం పీల్చే ఆ పురుగులు మాకన్నీ ఒకటే. బావకు మాత్రం ఒక్కోదానికీ ఒక ఇంటిపేరు.

పెళ్లిలో మా అక్క పక్కన నిలబడి, దండలోని ఆకును భూతద్దంతో చూస్తున్నాడు.

“ప్రభుదాసూ, ఈమెను భార్యగా స్వీకరిస్తావా?” అన్నారు చర్చి అయ్యగారు.

“ఉండండయ్యా, ఇంకా తేల్లేదు” అన్నాడు బావ.

అక్క ఆ మాట ఇప్పటికీ మరిచిపోలేదు.

1981లో ఆళ్లగడ్డ దగ్గర దానమ్మ నిమ్మతోటకు పొలుసు పట్టింది. భర్త పోయాక ఆ నలభై మూడు చెట్లే ఆమెకు ఆధారం. బావా నేనూ వెళ్లేసరికి పక్కతోట శేషాద్రి గొడ్డలి మనుషులతో నిలబడి ఉన్నాడు.

“ఇది ఎర్రపొలుసప్పా! కొమ్మలు ఎండబెడ్తాది. రేపు నా తోటకొస్తాది. అన్నీ కొట్టేయాల్సిందే.”

“పసుపుపొలుసూ ఇట్లే ఉంటాది. అది కొమ్మ జోలికి పోదు. మందు కొడితే సాలు” అన్నాడు బావ.

“రెండూ ఒకటేలేప్పా!”

“ఒకటేనా?” బావ చెట్టుకు అడ్డంగా నిలబడ్డాడు. “నాలుగు దినాలు ఆగన్నా.”

సెలవు పెట్టి, చెట్టుకొక పొట్లం చొప్పున పురుగు పట్టిన ఆకులు కట్టి, నంద్యాలలో మైక్రోస్కోపు ముందు కూర్చున్నాడు. పది పొట్లాలూ పసుపే.

“మిగతావీ అంతే బావా, రాసెయ్” అన్నాను.

“ఏందీ రాసేది? ఇంకోటి ఇయ్యి.”

ముప్పై ఒకటో పొట్లంలో ఎర్రది దొరికింది. తరువాత ఇంకో పొట్లంలోనూ. మిగతా పొట్లాలు నేనే ఒక్కొక్కటిగా అందించాను.

తోటకు తిరిగొచ్చి ఆ రెండు చెట్లు మాత్రం కొట్టించి కాల్పించాడు. శేషాద్రి తన మనుషులను వెనక్కి పంపేశాడు. దానమ్మకు మాత్రం నమ్మకం కుదరలేదు. ఒక్కో చెట్టునూ పట్టుకుని అడిగింది.

“ఇది, సారూ?”

“పసుపేమ్మా.”

“ఇదీ?”

“ఇదీ పసుపే.”

నలభై ఒక్క చెట్ల దగ్గరా, ఒక్కసారీ విసుక్కోకుండా, ఆమె వెనకే నడిచి చెప్పాడు.

“అన్నీ పసుపేనని ఒక్కమాటలో చెప్పచ్చు గదా బావా?” అన్నాను దారిలో.

“ఆమెకు ఏ రెండు చెట్లూ ఒకటి కాదురా” అన్నాడు.

తిరుగు బస్సులో బావ కిటికీకి తల ఆనించి గురక పెట్టాడు.

“ఎవురప్పా ఈయన, ఇంత గట్టిగా?” అన్నాడు కండక్టరు.

“మా బావ” అన్నాను. అడక్కపోయినా ముందు సీటాయనకు కూడా చెప్పాను.