మొన్నటిదాక మంచిగనే ఉండె

రామకిషన్‌రావుకు మెట్‌పల్లి బస్టాండు వేళలన్నీ నోటికొచ్చు. ఐదేళ్లు నిండేదాకా మాటే రాలేదు. వచ్చాక మాత్రం రోజూ పొద్దున చెల్లెలు ప్రమోదిని జడ వేసుకుంటుంటే ఎదురుగా నిలబడి "ఆర్మూర్ బస్సు ఏడుంబావు" అంటూ అన్నీ అప్పజెప్పేవాడు. ఎవరి కళ్లలోకీ చూడడు, గట్టి చప్పుడైతే చెవులు మూసుకుంటాడు. ఇంట్లోవాళ్లకు అదేం వింత కాదు.

1978లో ప్రమోదిని పెళ్లి. పందిట్లో బ్యాండు ఒక్కసారిగా మోగేసరికి అతను గుంజకు తల బాదుకున్నాడు, చొక్కా చింపుకున్నాడు. మగపెళ్లివారు నోళ్లు తెరిచి చూశారు. పుట్టుకతోనే ఇంతంటే జబ్బు రక్తంలోనే ఉందంటారని, సంబంధం చెడుతుందని తల్లి నిర్మలాదేవి హడలిపోయి, "మొన్నటిదాక మంచిగనే ఉండె. ఏదో గాలి సోకింది" అంది. పెళ్లికూతురూ తల వంచుకుని అవునంది. మర్నాడు అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్తుంటే వియ్యంకుడూ జీపులో వెంట వచ్చాడు కాబట్టి డాక్టరు దగ్గరా అదే మాట. ఆయన పిచ్చికి మాత్రలు రాశాడు.

పదకొండేళ్లు మింగాడు. ఒళ్లు ఉబ్బింది, చేతులు వణికాయి, బస్సుల మాట ఆగిపోయింది. చివరికి పిచ్చాసుపత్రిలో వేద్దామని, డాక్టరు చీటీ కోసం తల్లీ చెల్లెలూ కరీంనగర్ తీసుకెళ్లారు.

అక్కడ కొత్త డాక్టరు "చిన్నప్పుడు ఎట్లుండె?" అనడిగాడు. నిర్మలాదేవి పాత పాటే ఎత్తుకోబోయింది. అన్నను ఆసుపత్రికి పంపే రోజున అది ప్రమోదినికి వినబుద్ధి కాలేదు.

"పుట్టినకాన్నుంచి గిట్లనే సార్. అయిదేండ్లదాక అవ్వ అనలే."

డాక్టరు కలం కింద పెట్టాడు. "మానసిక రోగమైతే మంచిగున్న మనిషికి నడుమ వస్తదమ్మా. ఇది ఆటిజం. పుట్టుకతోనే మెదడు ఎదిగిన తీరు వేరు. దీనికి గీ మందులు కాదు. అప్పుడే ఎందుకు చెప్పలే?"

ప్రమోదిని అది పెళ్లి నిలవడానికి ఆడిన చిన్న అబద్ధమనుకుంది. పదకొండేళ్లుగా అన్న మింగింది ఆ అబద్ధాన్నే. తల్లి మీద కోపం, అంతకు మించి తన మీద అసహ్యం.

"నీ బతుకు కోసమే కద బిడ్డా" అని తల్లి గొణిగింది.

మందు నెలనెలా తగ్గించారు. ఆరో నెలలో పుట్టింటికొచ్చిన ప్రమోదిని అద్దం ముందు జడ వేసుకుంటోంది. అన్న వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"ఆర్మూర్ బస్సు ఏడుంబావు."

ఆ బస్సు ఎత్తేసి ఎనిమిదేళ్లయింది. ప్రమోదిని దువ్వెన పక్కన పెట్టి అన్న వైపు తిరిగింది.

"అవునన్నా" అంది. "ఏడుంబావుకే."