రామకోటి గడుల్లో సరోజ రాసుకున్నది

ఏళ్ల తరబడి గొంతులో అడ్డం పడిన మాట ఇది. మింగలేను, కక్కలేను. ముఖం తెలియని మీకు చెప్పడమే నాకు కాస్త సులువుగా ఉంది.

మాది ప్రొద్దుటూరులో బట్టల కొట్టు ఉన్న ఇల్లు. నేను పెద్ద కోడలిని. జమ్మలమడుగు నుంచి వచ్చిన నా తోడికోడలు సరోజకు పుట్టింట్లో తొలి కాన్పులో ఆడబిడ్డ పుట్టి, దీపాలు పెట్టే వేళకే పోయింది. పురిట్లో పోయిన బిడ్డను తలుచుకుని ఏడవకూడదని అత్త కట్టడి చేసింది. సరోజ ఏడవలేదు. రామకోటి రాయడం మొదలుపెట్టింది. చూసినవాళ్లంతా ఎంత భక్తో అన్నారు. నాకు కడుపు మండింది. ఇంటెడు చాకిరీ నాది, మెప్పు ఆమెదా?

ఒకరోజు ఆమె స్నానానికి వెళ్లినప్పుడు పుస్తకం తీశాను. ఒక గడిలో శ్రీరామ. పక్క గడిలో బిడ్డతో మాటలు. మళ్లీ శ్రీరామ. పాలు వస్తున్నాయమ్మా, ఎవరికియ్యను, అని ఒకచోట. ఆపకుండా చివరిదాకా చదివాను. కన్నీళ్లు కూడా వచ్చాయి. అయినా నేరుగా అత్త దగ్గరికి వెళ్లి చెప్పాను. ఎందుకు? దేవుడి పుస్తకంలో ఇంటి ఏడుపు రాయడం అపచారం అనుకున్నానా? అలా అనుకున్నానని ఇన్నాళ్లూ నన్ను నేను నమ్మించుకుంటూ వచ్చాను గానీ, అది అబద్ధం. ఆమె పెద్ద భక్తురాలేమీ కాదని అందరికీ తెలియాలి. అంతే.

గండి గుడిలోని ఆంజనేయస్వామికి సమర్పించాల్సిన పుస్తకమది. రామనామం ఉన్న కాగితాన్ని కాల్చకూడదు కాబట్టి పెన్నలో కలిపి రమ్మంది అత్త. పెన్నలో నీళ్లెక్కడివి? ఇసుకలో గుంత తీసి పూడ్చింది నేనే. పుస్తకం తన కంటపడిందని సరోజతో అత్త చెప్పింది. నా పేరు బయటికి రాలేదు. ఆ సాయంత్రం సరోజ నా ఒళ్లోనే తల పెట్టుకుని ఏడ్చింది. ఆ తర్వాత ఆమె ఒక్క ముక్క రాయగా నేను చూడలేదు.

అత్త పోయింది. సరోజ వాళ్లు పులివెందులలో వేరే కొట్టు పెట్టుకున్నారు. ఈ మధ్య ఆమెను చూడడానికి వెళ్లాను, ఎలాగైనా చెప్పేద్దామనే. చిక్కుడుకాయలు తుంచుతూ, ఉన్నట్టుండి తనే అంది.

"అక్కా, ఆ పాప మొగం నాకు మతికి రాకుండా పోతాంది. ఎట్టుండెనో అంతా రాసి పెట్టుకొనింటి. ఆ పుస్తకముంటే సూసుకునింటి. నువ్వేమన్నా దాన్ని తెరిసి సూసింటివా?"

"నేన్యాడ సూసినా సరోజా."

అంతే, నోట్లోంచి వచ్చేసింది. ఎవరికీ చూపించని రాత ఎవరికి పనికొస్తుందని అనుకునేదాన్ని. రాసుకున్నవాళ్లకే పనికొస్తుందని, ఇంకెవరి కోసమూ కాదని ఆ పూట తెలిసింది. సరోజకు చెబితే నేను చదివానని బయటపడుతుంది. చెప్పకపోతే ఆ ముఖం నాతోనే పోతుంది.

ఒత్తుగా జుట్టు. కుడి చెవి కింద చిన్న పుట్టుమచ్చ. గడ్డం సరోజ వాళ్లమ్మ పోలిక. ఆమె అలాగే రాసింది. చదివింది నేను. అత్తకు చెప్పిందీ నేనే.

ఇది ఆమె ముందు అనగలనో లేదో నాకు తెలియదు. రాశాక మాత్రం కాస్త ఊపిరి ఆడుతోంది. సరోజకు ఆ మాత్రం ఊపిరి కూడా నేను ఉంచలేదు.