ముత్తెన్న ఎక్కించిన గేర్లు

పెర్కిట్‌లో హైవే పక్కన ముత్తెన్న షెడ్డు ఎక్కడని అడిగితే దారి చెప్పని ఆటోవాడు ఉండడు. దారి చెప్పాక, తొందర పని అయితే మాత్రం అక్కడికి పోవద్దని సలహా కూడా ఇస్తాడు. ముత్తెన్న బండిని ముందు చెవితో చూస్తాడు, తర్వాత చేత్తో, ఆఖరికి కంటితో. ఈలోగా బండివాడు చాయ తాగి, ఇంటికి పోయి, భోంచేసి, ఓ కునుకు తీసి రావచ్చు. లారీలు, ట్రాక్టర్లు బాగుచేస్తూనే అతని జుట్టు నెరిసింది. చేతుల గ్రీజు మాత్రం వదల్లేదు. పెళ్లయిన కొత్తలో భార్య భాగ్యవ్వ కుంకుడుకాయ నురగతో ఆ చేతులు రుద్ది రుద్ది, చివరికి ఆ ఆశ వదులుకుంది.

అలాంటి ముత్తెన్నకు ప్రాణమంతా ఒక్క బండి మీదే. అది ఆర్మూర్ పసుపు కమీషన్ వ్యాపారి నాగేశ్వర్ సేటుది, ఆయన తాత నిజాం జమానాలో కొన్న నల్ల కారు. సేటూ ముత్తెన్నా ఒక ఈడువాళ్లు. ఆ కారు కింద పడుకునే ముత్తెన్న పని నేర్చుకున్నాడు, దాని పైన కూర్చునే సేటు బండి నడపడం నేర్చుకున్నాడు. ఏటా కొత్త పసుపు మార్కెట్‌కు వచ్చే రోజున సేటు ఆ కారును స్వయంగా నడుపుకుంటూ యార్డుకు పోయేవాడు. హమాలీలు బస్తాలు దించి మరీ చూసేవాళ్లు. ఆ ఒక్క పూట ఆయన మొహం చూడాలి, పెళ్లికొడుకు కూడా దిగదుడుపే.

పోయిన వానాకాలంలో సేటుకు పక్షవాతం వచ్చింది. దవాఖాన నుంచి బతికి వచ్చాడు, కర్ర పట్టుకొని నడుస్తున్నాడు, కానీ కుడికాలు మునుపటి కాలు కాదు. కొడుకు హరిప్రసాద్ కొన్న కొత్త కారునైతే సేటే గల్లీల్లో మెల్లగా నడుపుతున్నాడు. దానికి గేర్ల గొడవ లేదు, బ్రేకు మీద పాదం ఆనిస్తే చాలు, నిలబడిపోతుంది. పాత కారు దగ్గరే వచ్చింది చిక్కు. దాని గేరు మార్చాలంటే క్లచ్చి రెండుసార్లు తొక్కాలి, ఆ మధ్యలో కుడికాలితో ఎక్సలేటర్ చటుక్కున నొక్కి వదలాలి. అదను తప్పితే గేర్లు పటపటా పళ్లు కొరుకుతాయి. సేటు పాదంలో ఆ చురుకు పోయింది. ఓ పొద్దున ఇంటి ముందు ప్రయత్నించి, ఆ చప్పుడుకు భార్య గంగాబాయి చెవులు మూసుకోవడం చూసి, సిగ్గుపడి దిగిపోయాడు. మర్నాడు షెడ్డుకు వచ్చి కూర్చున్నాడు.

“గీసారి పసుపుకు గుడ నేనే నడుపుకుంట పోవాలె ముత్తెన్నా. లేకుంటే నేను అయిపోయిన్నని అనుకుంటరు యార్డుల.”

ముత్తెన్న ఫికర్ చెయ్యొద్దని, ఆ కంపెనీ తర్వాతి బండ్లకు వేసిన గేర్లు అదను తప్పినా మెత్తగా పడతాయని, వాటిని తెచ్చి దీనికి ఎక్కిస్తానని మాటిచ్చాడు.

హైదరాబాద్‌లో పాత సామాను అమ్మేవాడొకడు గేర్‌బాక్సు మొత్తం పంపాడు. తీరా చూస్తే దానికి బ్రేకు పెడల్ తగిలించే చోటే లేదు! ఈ నల్ల కారుకు బ్రేకు ఆయిలన్న మాట లేదు. పెడల్ తొక్కితే కింద ఇనుప చువ్వలు లాగుతాయి, ఆ చువ్వలు చక్రాల్లో బ్రేకులను బిగిస్తాయి. ఆ పెడల్ వేలాడేదేమో పాత గేర్‌బాక్సు పై ఇనుప డొక్కకే. డొక్క మారిస్తే బ్రేకు పోతుంది. హైదరాబాద్‌వాణ్ణి ఫోన్లో కడిగేసి, ముత్తెన్న తన దారి తను చూసుకున్నాడు. కొత్త బాక్సు పగలదీసి, గేర్లు మాత్రం తీసి, పాత డొక్కలో కూర్చోబెట్టాడు. అవి ఓ పట్టాన కూర్చోలేదు. ఆకురాయి పట్టాడు, వాషర్లు మార్చాడు, విప్పాడు, బిగించాడు. చివరికి గేరు వెన్నలోకి కత్తి దిగినట్టు పడింది. బ్రేకు చువ్వలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆ రోజు భాగ్యవ్వకు అదంతా రెండుసార్లు చెప్పి, అన్నం చల్లారబెట్టుకున్నాడు.

అంతా అయింది గానీ, ఒక్కటి కాలేదు. ముత్తెన్నకు ఓ పట్టింపు ఉంది. పొట్ట విప్పిన బండిలో పూజ కాకముందు యజమాని కాలు పెట్టకూడదు. అతని గురువు పెట్టిన ఆనవాయితీ అది. సేటు పనంతా బయట బెంచీ మీద కూర్చునే చూశాడు. బండి నడిపి చూసిందంతా ముత్తెన్నే, లారీల కింద రాటుదేలిన తన కాళ్లతోనే.

కొత్త పసుపు దిగే రోజు రానే వచ్చింది. గంగాబాయి కారుకు పసుపు కుంకుమ పెట్టింది, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. సేటు కర్ర పక్కన పెట్టి ఎక్కాడు. పక్క సీట్లో ముత్తెన్న. నిమ్మకాయలు నలిగాయి, కారు రోడ్డెక్కింది. రెండో గేరు, మూడో గేరు చప్పుడు లేకుండా పడ్డాయి. సేటు చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఇంతకాలం బతికింది ఈ నవ్వు చూడ్డానికేననిపించింది ముత్తెన్నకు.

యార్డు గేటు దగ్గర ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. ఒక హమాలీ బస్తా వీపున వేసుకొని అడ్డంగా పోతున్నాడు. సేటు బ్రేకు తొక్కాడు. కారు ఆగలేదు. మళ్లీ తొక్కాడు, మొహం ఎర్రబడేదాకా తొక్కాడు. పెడల్ సగం కూడా దిగలేదు. ముత్తెన్న వంగి చేతి బ్రేకు గుంజేసరికి హమాలీ బస్తా వదిలేసి పక్కకు దూకాడు. కారు ఆ బస్తాకు గుద్దుకొని ఆగింది. పసుపు కొమ్ములు రోడ్డంతా దొర్లాయి. ఆ హమాలీయే లేచి, తానే చూసుకోలేదని, తప్పు తనదేనని సేటుకు చేతులు జోడించాడు. సేటు ఆ చేతులను చూడలేక తల దించుకున్నాడు.

ఆ తర్వాత ముత్తెన్న చేయని ప్రయత్నం లేదు. బ్రేకు లైనింగులు మార్చాడు, కీళ్లన్నిటికీ గ్రీజు పట్టించాడు. చువ్వ లాగే మీట పొడుగు చేస్తే బలం తక్కువ పట్టింది గానీ, బ్రేకు పట్టకముందే పెడల్ పోయి అడుగు రేకుకు తగిలింది. పొట్టిది చేస్తే మళ్లీ మొదటికే వచ్చింది. ఆయిల్ బ్రేకులు వేయాలంటే చక్రాలూ ఇరుసులూ అన్నీ మార్చాలి, ఆ సామాను ఎవరి దగ్గరా లేదు. ఎన్ని తిప్పలు పడినా ఆ పెడల్‌ను బలంగా తొక్కాల్సింది సేటు కుడికాలే, దానిలో ఆ బలం పోయింది. ఆ కాలికి ఎక్కించే సామాను ముత్తెన్న దగ్గర లేదు. పూజదాకా ఆగకుండా ఒక్కసారి ఆయన పాదం పెడల్ మీద పెట్టించి ఉంటే ముందే తెలిసేది కదా అని తనను తానే తిట్టుకున్నాడు.

కొన్నాళ్లకు సేటు ఆటోలో షెడ్డుకు వచ్చాడు. పాత గేర్లు ఉన్నాయా అని అడిగాడు. ఉన్నాయన్నాడు ముత్తెన్న.

“అయితే గవే మళ్ల పెట్టు.”

“ఎందుకు సేటు? గివి మంచిగ పడుతున్నయి గద.”

సేటు బెంచీ మీద కూర్చొని కర్ర పక్కన పెట్టాడు.

“గవి ఉన్నప్పుడు బండి ఖరాబైందని ఇంట్ల చెప్పుకున్న. గంగాబాయి నమ్మింది, నేను గుడ నమ్మిన. ఇప్పుడు బండి మంచిగున్నది ముత్తెన్నా. మరి ఖరాబైంది ఎవరు?”

ముత్తెన్న జాకీ పెట్టి కారు లేపి, పానా పట్టుకొని కిందికి దూరాడు. అక్కడ పడుకున్నాక ఏడుపు ఆగలేదు. బయట బెంచీ మీదున్న సేటుకు వినబడుతుందేమోనని, ఏ బోల్టూ విప్పకుండా ఊరికే పానాతో ఇనుమును గట్టిగా కొడుతూ ఉండిపోయాడు.