కళ్ళు కాదు, ఇల్లు తిరిగింది

డిగ్రీ ఆఖరి పరీక్షలు అయిన పదో రోజున మా చెరువు గట్టు నా కాళ్ళ కింద ఊగింది. మాది కొల్లేటికోట. ఆ ఉదయం చేపల మేతకు చెరువులో కర్రలకు తవుడు సంచులు కట్టడానికి నాన్నతో పడవ మీద వెళ్ళాను. పని అయ్యాక గట్టు మీద కాలు పెట్టగానే నేల ఎడమవైపుకు ఒరిగిపోయింది. గబుక్కున కూలబడ్డాను.

"పడవ దిగావు కదే, కాసేపు అలాగే ఉంటది," అన్నాడు నాన్న.

నిజమే కాబోలు అనుకున్నాను. ఊహ తెలిసినప్పటి నుంచీ పడవలు ఎక్కుతున్నదాన్ని, ఇన్నాళ్ళూ లేనిది ఆ రోజే ఎందుకొచ్చిందన్న ప్రశ్న ఆయనకూ రాలేదు, నాకూ రాలేదు.

ఇంటికొచ్చేసరికి ఊగడం పోయి తిరగడం మొదలైంది. కరెంటు లేదు, ఫ్యాను ఆగే ఉంది. అయినా నాకు తిరుగుతూనే కనిపించింది. ఒకటే వాంతులు. అమ్మ కంగారుపడి ఊళ్ళో మందులిచ్చే ఆయన్ని పిలిపించింది. "కళ్ళు తిరుగుతున్నాయండి," అన్నాను. ఆ ఒక్క మాటే నా కొంప ముంచింది.

"పరీక్షలని తిండి మానేసుంటారండి. నీరసం," అని ఆయన సెలైన్ పెట్టారు. మర్నాడు ఇంకొకటి పెట్టారు. పక్కింటావిడ అమ్మను వంటింట్లోకి తీసుకెళ్ళి గుసగుసగా ఏదో అడిగింది. పెళ్ళికాని పిల్లకు వాంతులూ, కళ్ళు తిరగడమూ అంటే జనం ఏమడుగుతారో వేరే చెప్పాలా? ఒళ్ళు మండిపోయింది. లేచి వెళ్ళి నాలుగు దులుపుదామంటే కాళ్ళు నిలబడితేగా!

మూడు రోజులకు గది ఆగింది. కాని తల పక్కకు తిప్పితే చాలు, నేల జారేది. పరీక్షలు అయిన రోజే నోట్‌బుక్ వెనక పేజీలో నా గోల్స్ రాసుకున్నాను. తాడేపల్లిగూడెంలో ఒక స్కూల్లో లెక్కల టీచర్‌గా చేరడం, బీఈడీ ఎంట్రన్స్‌లో మంచి ర్యాంకు, స్కూటీ నేర్చుకోవడం. డెమో క్లాస్ చూసి ఆ స్కూల్ వాళ్ళు అప్పటికే రమ్మన్నారు. అందుకని తగ్గిందని అందరికీ అబద్ధం చెప్పి, జూన్‌లో పిన్ని ఇంట్లో దిగి ఉద్యోగంలో చేరాను.

మొదటి రోజు, మొదటి పీరియడ్. బోర్డు మీద లెక్క రాసి పిల్లల వైపు తిరిగాను. పిల్లలూ బెంచీలూ ఒక్కసారిగా పక్కకు పరిగెత్తినట్టయింది. బల్ల పట్టుకుని కింద కూర్చుండిపోయాను. హెడ్‌మిస్ట్రెస్ గారు మంచినీళ్ళిచ్చి, "ఆరోగ్యం చూసుకుని రండమ్మా," అని మర్యాదగానే పంపేశారు. బస్సులో ఊరు చేరేదాకా ఏడుస్తూనే ఉన్నాను. బోర్డు నుంచి పిల్లల వైపు తిరగలేనిదాన్ని టీచర్ని ఎలా అవుతాను?

ఏలూరు తీసుకెళ్ళారు. బీపీ, షుగర్, హిమోగ్లోబిన్, చివరికి ఎంఆర్ఐ బ్రెయిన్. "అన్నీ నార్మలమ్మా, కంగారు లేదు," అన్నారు డాక్టర్ గారు. అమ్మ దణ్ణం పెట్టుకుంది. నాకేమో సంతోషించాలో ఏడవాలో అర్థం కాలేదు. అన్నీ నార్మలైతే మరి ఇదేంటి? అంతా నేనే ఊహించుకుంటున్నానా? ఆయన రాసిన వర్టిగో మాత్రలు వేసుకుంటే మత్తుగా, కాస్త హాయిగా ఉండేది. అయిపోయినప్పుడల్లా నాన్న మెడికల్ షాపులో అదే స్ట్రిప్పు చూపించి తెచ్చేవాడు. మూడు నెలలు అలాగే గడిచాయి.

పిన్ని పోరు పడలేక ఏలూరులోనే ఒక ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. "కళ్ళు తిరుగుతున్నాయండి," అన్నాను అలవాటుగా. ఆవిడ రాస్తున్న పెన్ను కింద పెట్టేశారు.

"కళ్ళు తిరుగుతున్నాయా, ఇల్లు తిరుగుతోందా?"

"తేడా ఏంటండి?"

"చీకట్లు కమ్మి పడిపోబోతున్నట్టుంటే అదొకటి. గది గిర్రున తిరిగితే ఒకటి. తిరక్కుండా ఊగితే ఇంకొకటి. మనం మూడింటికీ ఒకటే మాట అంటాం."

అప్పుడు మొదటినుంచీ చెప్పాను. గట్టు ఊగడానికి ముందు వారం జలుబు చేసిందని కూడా అప్పుడే గుర్తొచ్చింది. ఆవిడ నా తల రెండు చేతులా పట్టుకుని, "నా ముక్కే చూడమ్మా," అంటూ ఠక్కున పక్కకు తిప్పారు. రెండు మూడు సార్లు అలా చేసి, వినికిడి పరీక్ష కూడా చేయించి, "వెస్టిబ్యులర్ న్యూరైటిస్," అన్నారు. ఎడమ చెవి లోపల బ్యాలెన్స్ చూసే నరం దెబ్బతిందట. బహుశా ఆ జలుబు వైరస్ వల్లేనట. మాత్రల స్ట్రిప్పు చూసి మాత్రం ఆవిడ తల పట్టుకున్నారు. "ఇవి మొదటి మూడు రోజులకేనమ్మా. ఇన్నాళ్ళు వాడితే మెదడు కొత్త బ్యాలెన్స్ ఎప్పుడు నేర్చుకుంటుంది?"

తప్పు నాదా, నాన్నదా, షాపాయనదా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి పంపారు. "మీ గోల్ ఏంటండి?" అని అడిగారాయన. "బీఈడీలో ర్యాంకండి," అన్నాను. ఆయన నవ్వలేదు. "ఈ వారం గోల్ అండి. మంచం నుంచి వీధి గుమ్మం దాకా గోడ పట్టుకోకుండా నడవడం. రాసుకోండి."

బీఈడీ కిందే రాసుకున్నాను. బొటనవేలు ఎదురుగా పెట్టుకుని, చూపు దాని మీదే నిలిపి తల అటూ ఇటూ తిప్పాలి. అడుగు వెంట అడుగు ఆనించి గీత మీద నడవాలి. చేస్తే తగ్గకపోగా మొదట్లో ఇంకా తిరిగేది. ఇదేం వైద్యమో!

"ఏం రాస్తున్నావే?" అంది నాయనమ్మ.

"గోల్."

"ఇంట్లో చేసే గోల చాలక పుస్తకంలో కూడానా?"

ఆ రోజు నుంచీ పొద్దున్నే, "ఇవాళ్టి గోల అయిందా?" అని అడిగేది. కార్తీకంలో మళ్ళీ జలుబు చేసి నాలుగు రోజులు గోడ పట్టుకున్నాను. విసుగొచ్చి నోట్‌బుక్ విసిరికొడితే, వంగలేని మనిషి వంగి ఏరుకొచ్చి నా దిండు పక్కన పెట్టింది.

డిసెంబరు ఆఖర్లో మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఎవరో, "ఈ ఏడాది ఏం సాధించారు?" అని అడిగారు. ఒకరికి బ్యాంకు ఉద్యోగం, ఒకరికి ఎంఎస్సీ సీటు. నాకేమో వీధి గుమ్మం, తర్వాత చెరువు గట్టు, తర్వాత ఒంటరిగా బస్సు. ఇది సాధించడమో, పోగొట్టుకున్నది తిరిగి తెచ్చుకోవడమో నాకు నిజంగా తెలియదు. ఎంట్రన్స్ రాయలేదు. స్కూటీ జోలికి పోలేదు. కొత్త పేజీలో ఒకటే రాశాను: బోర్డు నుంచి తిరగడం.

ఈ జూన్‌లో అదే స్కూల్లో మూడో తరగతి ఇచ్చారు. అలసిన రోజున ఇప్పటికీ కాస్త తూలుతాను. మీకు నేను చెప్పగలిగింది ఒక్కటే. డాక్టర్ దగ్గర "కళ్ళు తిరుగుతున్నాయి" అని ఊరుకోకండి. చీకట్లు కమ్మాయా, గది తిరిగిందా, ఊగిందా, ఎంతసేపు, తల ఎటు తిప్పితే అన్నది కాగితం మీద రాసుకుని వెళ్ళండి.

మొన్న నేను లెక్క రాస్తుంటే వెనక నుంచి ఒక పిల్ల, "టీచర్, కళ్ళు తిరుగుతున్నాయండి," అంది. గిరుక్కున తిరిగి ఒక్క ఉదుటున ఆ పిల్ల దగ్గరికి వెళ్ళాను. "కళ్ళా అమ్మా, గది తిరుగుతోందా?" అన్నాను. తెల్లబోయి చూసి, "ఆకలండి," అంది. పొద్దున్నే ఏమీ తినకుండా వచ్చిందట.

నా బాక్సులో ఇడ్లీ పెట్టి, అది తింటుంటే చూస్తూ నిలబడ్డాక గాని నాకు తట్టలేదు, అంత గిరుక్కున తిరిగినప్పుడు నేను బల్ల పట్టుకోలేదని.